గేమింగ్ పీసీకి విండోస్ హోమా, ప్రోనా? షాపుకి వెళ్లే ముందు ఒక్కసారి చూడండి

ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. ఇంట్లో గేమింగ్ పీసీ కట్టించుకుంటున్నాం, అందులో విండోస్ హోమ్ వేయించాలా, ప్రో వేయించాలా? మన ఉప్పల్, నాచారం, మల్లాపూర్, రామంతాపూర్ సైడ్ నుంచి ఈ ప్రశ్న బాగా వస్తోంది. ఎందుకంటే షాపులో అడిగితే తొంభై శాతం మంది చెప్పే మాట ఒకటే: "తమ్ముడూ, గేమింగ్ కదా, ప్రో వేసేస్తా, ఫ్రీగా." ఆ ఫ్రీ అన్న మాట దగ్గరే అసలు లొల్లి ఉంది. దానికి తర్వాత వస్తా.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా, టైమ్ లేనివాళ్లు ఇది విని వెళ్లిపోవచ్చు. ఆటల వరకు హోమ్‌కి, ప్రోకి తేడా లేదు. జీరో. డైరెక్ట్ఎక్స్ 12 అల్టిమేట్ రెండిట్లో ఉంది. గేమ్ మోడ్ రెండిట్లో ఉంది. ఆటో హెచ్‌డీఆర్, డైరెక్ట్ స్టోరేజ్, రే ట్రేసింగ్, అన్నీ రెండిట్లో ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డ్ డ్రైవర్ కూడా రెండిటికీ ఒకటే ఫైల్. ప్రో వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుంది అని ఎవరైనా అంటే, "ప్రో" అన్న పేరు చూసి అంటున్నారు, అంతే.

"అన్నా, హోమ్‌లో ర్యామ్ లిమిట్ ఉంటుందంట కదా" అని అడుగుతారు. ఉంది. హోమ్‌లో 128 జీబీ వరకు. ప్రోలో 2 టీబీ వరకు. మీరు వేయించేది 16 జీబీ, మహా అయితే 32. ఆ లిమిట్ మీ దాకా రాదు. ప్రాసెసర్ కోర్‌లు కూడా అంతే, హోమ్ 64 కోర్‌ల దాకా చూసుకుంటుంది. మన రైజెన్ 5లో ఉండేవి ఆరు.

మరి ప్రోలో ఎక్కువ ఏముంది? వేరే చోటు నుంచి మీ పీసీలోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో రావచ్చు. హైపర్-వీ ఉంటుంది, శాండ్‌బాక్స్ ఉంటుంది, గ్రూప్ పాలసీ ఉంటుంది, పూర్తి బిట్‌లాకర్ ఉంటుంది, అప్‌డేట్‌లని ఎక్కువ రోజులు వాయిదా వేసుకోవచ్చు. హోమ్‌లో అయితే ఐదు వారాల వరకే ఆపగలం. ఇవన్నీ ఆఫీసు అవసరాలు. బీటెక్ పిల్లలు "నాకు డాకర్ కావాలి, లైనక్స్ కావాలి, అందుకే ప్రో" అంటుంటారు. డబ్ల్యూఎస్ఎల్ 2 హోమ్‌లో కూడా నడుస్తుంది, దాని మీద డాకర్ డెస్క్‌టాప్ కూడా నడుస్తుంది. బ్లూస్టాక్స్ లాంటి ఎమ్యులేటర్ స్లోగా ఉందంటే కూడా ఎడిషన్ కారణం కాదు. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయలేదేమో చూడండి. ఇంటెల్ అయితే వీటీ-ఎక్స్ అని, ఏఎండీ అయితే ఎస్‌వీఎమ్ అని రాసి ఉంటుంది.

ప్రోలో నాకు నిజంగా నచ్చేది శాండ్‌బాక్స్ ఒక్కటే. తెలియని మాడ్ ఫైల్ ఏదైనా అందులో తెరిచి చూసి మూసేస్తే, అంతా తుడిచిపెట్టుకు పోతుంది. బాగుంటుంది. కానీ దాని కోసం వేల రూపాయలు పెట్టమని నేను చెప్పను. అమెరికాలో హోమ్ 139 డాలర్లు, ప్రో 199 డాలర్లు. మన దగ్గర కూడా తేడా వేలల్లోనే ఉంటుంది. ఆ తేడా పైసలతో ఊరూ పేరూ లేని పవర్ సప్లయ్ బదులు మంచి కంపెనీది తీసుకోండి, ఎండాకాలంలో కరెంటు వస్తూ పోతూ ఉంటే దాని విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ఆ ఫ్రీ ప్రో దగ్గరికి వద్దాం.

స్టార్ట్‌లో సెట్టింగ్స్ తెరవండి, సిస్టమ్, అందులో యాక్టివేషన్. ఇప్పుడే చూడండి, వీడియో పాజ్ చేయండి. అక్కడ "డిజిటల్ లైసెన్స్‌తో యాక్టివేట్ అయింది" అనే అర్థం వచ్చే లైన్ ఉంటే సరే. "మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్‌తో యాక్టివేట్ అయింది" అని ఇంగ్లీషులో కనిపిస్తే ఆగండి. మీ నాచారం ఇంట్లో ఆర్గనైజేషన్ ఎక్కడిది? మీ నాన్నగారు చైర్మనా? అది కేఎంఎస్ అనే పద్ధతి. పెద్ద కంపెనీలు వందల కంప్యూటర్లని తమ సొంత సర్వర్‌తో యాక్టివేట్ చేసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. ఒకసారి చేస్తే 180 రోజులు ఉంటుంది, మళ్లీ రెన్యూ అవుతూ ఉండాలి. షాపుల్లో పెన్‌డ్రైవ్‌లో ఉండే టూల్ మీ పీసీలోనే ఒక దొంగ సర్వర్ కూర్చోబెట్టి దీన్ని మోసం చేస్తుంది. ఇంకో చెక్ కూడా ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎల్ఎమ్‌జీఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ ఎక్స్‌పీఆర్ అని కొట్టండి. శాశ్వతం అని వస్తుందో, ఏదో తారీఖు వస్తుందో చూడండి. తారీఖు వస్తే అర్థమైపోయింది కదా.

"ఏమవుతది అన్నా, అందరూ వాడుతున్నారు కదా" అంటారు. ఆ టూల్ నడవాలంటే ముందు డిఫెండర్ ఆపాలి, లేదా ఆ ఫోల్డర్‌ని చూడకు అని డిఫెండర్‌కి చెప్పాలి. అంటే ఇంటి తాళం తీసి పెట్టి, ఎవరు రాసిందో తెలియని ప్రోగ్రామ్‌ని అడ్మిన్‌గా లోపలికి రానిచ్చినట్టు. నాచారం హెచ్‌ఎంటీ నగర్ నుంచి ఒక తమ్ముడు నాకు మెసేజ్ చేశాడు. పీసీ కొని రెండు నెలలు కాలేదు, స్టీమ్ అకౌంట్ పోయింది, ఇన్‌స్టా పోయింది, అమ్మ జీమెయిల్ నుంచి ఎవరెవరికో మెయిల్స్ వెళ్లాయి. పాస్‌వర్డ్ వీడు ఎవరికీ చెప్పలేదు. బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న కుకీలు ఎత్తుకుపోతే పాస్‌వర్డ్‌తో పనే లేదు. డిఫెండర్ ఎక్స్‌క్లూజన్ లిస్ట్ చూడమన్నా. మొత్తం సీ డ్రైవ్ అందులో ఉంది! షాపు పేరు అడగొద్దు, చెప్పను. అదే పీసీలో వాళ్ల నాన్న నెట్ బ్యాంకింగ్ చేస్తుంటారు. నాకు ఆ భాగమే భయం వేసింది.

పైసలు ఇప్పుడు లేవు అనుకోండి, దానికీ దారి ఉంది. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఒరిజినల్ విండోస్ 11 దింపుకుని, కీ అడిగినప్పుడు లేదు అని చెప్పి ముందుకు వెళ్లండి. మూలన ఒక వాటర్‌మార్క్ ఉంటుంది, వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదు. ఆటలు నడుస్తాయి, అప్‌డేట్‌లు వస్తాయి. ఇది శాశ్వతంగా అలా వాడుకోవడానికి ఇచ్చిన పర్మిషన్ కాదు, లైసెన్స్ కొనాల్సిందే. కానీ కొనేదాకా దొంగ టూల్ కంటే ఆ వాటర్‌మార్క్ వెయ్యి రెట్లు నయం. ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకి దొరికే కీల సంగతి కూడా చెప్పాలి. అవి చాలావరకు ఏదో కంపెనీ వాల్యూమ్ కీలో, పాత మెషీన్ల కీలో. ఈ రోజు పని చేస్తాయి, రేపు బ్లాక్ అయితే అడగడానికి మనిషి దొరకడు.

కొనేటప్పుడు హోమ్, ప్రో కంటే ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. ఓఈఎమ్ లైసెన్స్ అయితే మొదట వేసిన మదర్‌బోర్డ్‌తోనే దాని కథ ముగుస్తుంది. రీటైల్ అయితే బోర్డ్ మార్చినా కొత్తదానికి తీసుకెళ్లొచ్చు. మూడేళ్లకి అప్‌గ్రేడ్ చేసే అలవాటు ఉంటే రీటైల్ హోమ్ తీసుకోండి. తర్వాత ప్రో కావాల్సి వస్తే డబ్బులు కట్టి అందులోనే మారిపోవచ్చు, ఫార్మాట్ కూడా అక్కర్లేదు. ప్రో నుంచి హోమ్‌కి రావాలంటే మాత్రం మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలి.

ఇక రామంతాపూర్ కేసు. ఇది పైరసీ కాదు, అంతా ఒరిజినలే. అసెంబుల్ చేసిన అన్న విండోస్ 11 హోమ్ వేసి, సెటప్‌లో ఇంటర్నెట్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగితే, పని అవ్వాలని అప్పటికప్పుడు ఏదో మెయిల్ ఐడీ క్రియేట్ చేసి లాగిన్ అయిపోయాడు. ఇంటికొచ్చాక వీళ్లు అకౌంట్ మార్చుకున్నారు. నాలుగు నెలలు బాగానే ఉంది. ఒక రోజు కొత్త గేమ్ కోసం బయోస్ అప్‌డేట్ చేస్తే, నీలం స్క్రీన్ వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది.

ఎందుకంటే 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హోమ్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. ఇంతకుముందు ఎక్కువగా ల్యాప్‌టాప్‌లలోనే అయ్యేది, ఇప్పుడు అసెంబుల్డ్ పీసీలు కూడా దాని కిందికి వస్తున్నాయి. కీ మొదట లాగిన్ అయిన అకౌంట్‌లో సేవ్ అవుతుంది. ఇక్కడ అది షాపతని టెంపరరీ మెయిల్. పాస్‌వర్డ్ అతనికే గుర్తు లేదు. ఫోన్‌లో జాగా లేదని నాలుగేళ్ల ఫొటోలు, పోయిన నానమ్మ వీడియోలతో సహా, అందులోకే కాపీ చేసి ఫోన్‌లో డిలీట్ చేశారు. ఫార్మాట్ కొట్టడం తప్ప దారి లేకపోయింది. ఎన్‌క్రిప్షన్ అంటే అదే, కీ లేకుండా ఓనర్‌కి కూడా తెరవదు.

కాబట్టి సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో రికవరీ కీ పేజీ తెరిచి ఆ 48 అంకెలు కాగితం మీద రాసి, రేషన్ కార్డు, ఆధార్ పెట్టే ఫైల్లో పెట్టండి. అక్కడ కీ లేకపోతే ఎన్‌క్రిప్షన్ ఇప్పుడే ఆఫ్ చేయండి. ప్రాసెసర్ మార్చేముందు, బయోస్ అప్‌డేట్‌కి ముందు ఇది తప్పనిసరి.

మిగతా ఎడిషన్లు గబగబా చెప్పేస్తా. ల్యాప్‌టాప్‌లో "హోమ్ సింగిల్ లాంగ్వేజ్" అని ఉంటే కంగారు పడొద్దు, అది హోమే. మెనూల భాష ఒకటే ఉంటుంది, తెలుగు టైపింగ్ మామూలుగానే చేసుకోవచ్చు. ఎల్‌టీఎస్‌సీ కంపెనీలకి అమ్మేది. మైక్రోసాఫ్ట్ స్టోర్, ఎక్స్‌బాక్స్ యాప్ అందులో రావు, గేమ్ పాస్ వాడేవాళ్లకి తలనొప్పి. "గేమర్ ఎడిషన్", "లైట్" అని టెలిగ్రామ్‌లో తిరిగేవి ఎవరో కోసి కుట్టినవి. మైక్రోసాఫ్ట్ గేమింగ్ ఎడిషన్ అని ఏదీ అమ్మడం లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది, ఇళ్లలో వాడేవాళ్లకి ఇచ్చిన ఎక్స్‌ట్రా సెక్యూరిటీ అప్‌డేట్‌ల గడువు 2026 అక్టోబర్ 13. కొత్త పీసీలో అది వేయించడం దండగ. పైగా విండోస్ 11 మీద వాలరెంట్‌కి టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ రెండూ కావాలి. బ్యాటిల్‌ఫీల్డ్ 6 కూడా సెక్యూర్ బూట్ అడుగుతుంది. మదర్‌బోర్డ్‌లో అవి ఆన్ చేసి ఇవ్వమని షాపులోనే చెప్పండి.

ప్రో ఉచితంగా, న్యాయంగా వచ్చే సందర్భం ఒకటుంది. ఆఫీసులు తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ లాంటి సెకండ్ హ్యాండ్ మెషీన్లు. వాటిలో చాలావాటికి ప్రో లైసెన్స్ బోర్డ్‌లోనే ఉంటుంది, ఇన్‌స్టాల్ చేస్తే అదే ఎంచుకుంటుంది. ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ లేదా పైది చూసుకోండి, లేకపోతే విండోస్ 11 లిస్టులో ఉండదు. చిన్న గ్రాఫిక్స్ కార్డ్ వేస్తే బడ్జెట్‌లో గేమింగ్ పీసీ రెడీ. ఒక్క జాగ్రత్త: సెటప్‌లో ఏదైనా కంపెనీ పేరు వచ్చి ఆ కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, తిరిగి ఇచ్చేయండి. అది ఇంకా వాళ్ల రిజిస్టర్‌లోనే ఉంది.

లైనక్స్ సంగతి అడుగుతారు కాబట్టి: స్టీమ్‌లో ప్రోటాన్ వల్ల సింగిల్ ప్లేయర్ ఆటలు చాలా బాగా నడుస్తాయి, పైసా ఖర్చు లేదు. కానీ వాలరెంట్, ఫోర్ట్‌నైట్, జీటీఏ ఆన్‌లైన్ నడవవు. మీ గ్యాంగ్ ఆడేవి అవే అయితే వద్దు.

చివరిగా, షాపు దగ్గర. ఉప్పల్‌లోనే కట్టించుకున్నా, బ్లూ లైన్ ఎక్కి ప్యారడైజ్‌లో దిగి పార్క్ లేన్ సీటీసీకి వెళ్లినా పద్ధతి ఒకటే. కొటేషన్‌లో విండోస్‌ని వేరే లైన్‌గా రాయించండి: హోమా ప్రోనా, ఓఈఎమ్మా రీటైలా, ధర ఎంత. "ఇంక్లూడెడ్" అని రాస్తే ఒప్పుకోకండి. విండోస్ వద్దు, ఖాళీగా ఇవ్వండి అని కూడా అడగొచ్చు, ఇస్తారు. ఇన్‌స్టాల్ అక్కడే చేయిస్తుంటే, అకౌంట్ అడిగే స్క్రీన్ రాగానే "అన్నా, జరగండి, నేను కొడతా" అని కీబోర్డ్ మీ చేతిలోకి తీసుకోండి. మీ మెయిల్, మీ పాస్‌వర్డ్. అతనికి ఇంకో రెండు నిమిషాలు లేటవుతుంది, టీ తాగొస్తాడు.