“వాళ్ల రక్తంలోనే ఉంది” అనవచ్చునా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో తాగుడుకు బానిసైన మనిషి ఉన్న ఇంటికి సంఘకాపరి వెళితే, ముసలితల్లి తరచుగా అనే మాట ఒకటుంది. “ఏం చేద్దామయ్యగారూ! వాళ్ల నాయన తాగినాడు, వీడూ తాగుతాండాడు. వాళ్ల రక్తంలోనే ఉంది.”

ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. తాగుడుకు లోబడే స్వభావంలో వంశపారంపర్యం పాలు ఉన్నదని వైద్యులు కూడా ఒప్పుకుంటారు. అయితే ఒకప్పుడు శాస్త్రజ్ఞులు సైతం ఈ తల్లివలెనే పొరబడిన సంగతి మన పాఠకులు తెలుసుకోవాలి.

మన రక్తఫలకికలలోను, మెదడులోను మోనో అమైన్ ఆక్సిడేజ్ అనే పదార్థం ఉంటుంది. మెదడులో సంతోషాన్ని కలిగించే డోపమిన్ మొదలైన వాటిని పని తీరిన తరువాత తొలగించడం దీని పని. తాగుబోతుల రక్తంలో ఇది తక్కువగా ఉండడం చూసి, తాగుడుకు ఇది పుట్టుకతో వచ్చిన గుర్తేమోనని కొందరు పరిశోధకులు భావించారు. తరువాత పొగ తాగేవారిని, తాగనివారిని వేరు చేసి చూడగా అసలు సంగతి బయటపడింది. తాగుబోతులలో ఎక్కువమంది పొగ కూడా తాగుతారు. ఆ పదార్థాన్ని తగ్గించింది ముఖ్యంగా పొగే!

1996లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జోఅన్నా ఫౌలర్ బృందం మెదడునే పరీక్షించింది. పొగ తాగేవారి మెదడులో ఈ పదార్థంలో ఒక రకం సుమారు 40 శాతం తక్కువగా ఉంది. పొగ మానివేసినవారిలో మాత్రం ఎన్నడూ తాగనివారితో సమానంగా ఉంది. అంటే రక్తం మనిషిని చెడపలేదు, అలవాటే రక్తాన్ని మార్చింది. అలవాటు పోతే రక్తం తిరిగి బాగుపడుతుంది.

బీడీ గాని సిగరెట్టు గాని ఒక్క దమ్ము పీల్చితే నికోటిన్ 10 నుండి 20 సెకండ్లలో మెదడుకు చేరి డోపమిన్‌ను పెంచుతుంది. పొగలోని మరికొన్ని పదార్థాలు ఆ డోపమిన్‌ను త్వరగా తొలగనివ్వవు. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో నికోటిన్ సగానికి తగ్గుతుంది, చెయ్యి మళ్లీ జేబులోకి పోతుంది. సారా సంగతి వేరు. అది మెదడును మందగింపజేస్తుంది. రోజూ తాగేవాని మెదడు దానికి ఎదురుగా తనను తాను బిగించుకుంటుంది. తెల్లవారి రక్తంలో మత్తు తగ్గగానే ఆ బిగింపు వణుకుగా బయటపడుతుంది. ఆ వణుకు ఆపుకోవడానికే మళ్లీ తాగుతాడు.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల పోరాటం తరువాత 1993లో సారాను, 1995లో మద్యమంతటినీ మన రాష్ట్రంలో నిషేధించారు. 1997లో మద్యనిషేధం సడలింది. దుకాణం మూసినా తెరిచినా, రక్తంలో జరిగే ఈ పోరాటం ఇంటిలోనే గెలవాలి.

మానిన తరువాత రక్తం ఎలా కోలుకుంటుందో చూడండి. పొగవల్ల చేరిన విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో పోతుంది. తాగుడువల్ల రక్తపరీక్షలో పెరిగి కనిపించే కాలేయపు గుర్తులు కొన్ని వారాల్లో తగ్గుతాయి. తాగుడు ఉబ్బించిన ఎర్రకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి నాలుగు నెలల్లో వాటి స్థానంలో కొత్తవి వస్తాయి.

అయితే ఒక హెచ్చరిక. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగినవాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి హఠాత్తుగా మాన్పించకూడదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛలు రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య లేనివి కనబడి, కేకలు వేయవచ్చు. దాన్ని దయ్యమనుకొని ఆలస్యం చేస్తే ప్రాణం పోవచ్చు. అది జబ్బు. సమీపంలోని ప్రభుత్వాసుపత్రికో, కడప రిమ్స్‌కో వెంటనే తీసుకొని పోవాలి. అక్కడ మందులతోను, బి1 విటమిన్‌తోను ఆ గండం దాటించవచ్చు.

తల్లులారా, “రక్తంలోనే ఉంది” అనే మాట పిల్లల ముందు అనకండి. తండ్రిని చూచి భయపడే బిడ్డకు అది శాపంలా వినిపిస్తుంది. దానికి బదులు “నాయన రక్తం మళ్లీ శుభ్రమవుతుంది, నాలుగు నెలలు మనమందరం తోడుందాం” అని చెప్పండి. ప్రార్థనతోపాటు ఆసుపత్రికి వెంట నడిచే మనిషి కూడా ఆ ఇంటికి కావాలి. ఆ మనిషి మన సంఘంలోనుండే వెళ్లాలి.