కోళ్ళకు మూడు రెట్లు మేకలు

ఒక దొడ్డిలో కోళ్ళూ మేకలూ కలిపి 20 తలలు, 56 కాళ్ళు ఉన్నాయి. కోళ్ళెన్ని, మేకలెన్ని?

ఇక్కడ కువైట్‌లో శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు హోంవర్కు తెచ్చి ముందు పెడితే, సాఫ్ట్‌వేరు వాళ్ళం కదా, వెంటనే ఎక్స్, వై రాసి పడేస్తాం. కాస్త ఆగండి. అన్నీ కోళ్ళే అనుకుంటే 40 కాళ్ళు. ఇంకా 16 కావాలి. ఒక కోడిని తీసి మేకను పెడితే రెండు కాళ్ళు పెరుగుతాయి. కాబట్టి మేకలు 8, కోళ్ళు 12. ఇంకా పొట్టి దారి చైనా వాళ్ళ పాత గణిత గ్రంథం 'సున్‌జీ'లో ఉంది. కాళ్ళను సగం చేసి, తలలు తీసేయడమే: 28లోంచి 20 పోతే 8. ఆ గ్రంథంలో మాత్రం మేకల బదులు కుందేళ్ళుంటాయి. 35 తలలు, 94 కాళ్ళు.

సాధించడం తేలికే. కష్టమంతా వాక్యాన్ని సమీకరణంగా మార్చడంలోనే ఉంది. 1964లో ఎంఐటీలో డేనియల్ బాబ్రో తన డాక్టరేట్ కోసం లిస్ప్‌లో 'స్టూడెంట్' అనే ప్రోగ్రాం రాశాడు. ఇంగ్లీషులో ఇచ్చిన బీజగణితం లెక్కల్ని అది చదివి సాధించేది. 'ఈజ్' కనబడితే సమానం గుర్తు, 'టైమ్స్' కనబడితే గుణకారం. మరి కోడికి రెండు కాళ్ళని మన లెక్కలో ఎక్కడా లేదు! అలాంటి సంగతులు దానికి విడిగా చెప్పి ఉంచాలి. చాలకపోతే అదే మనల్ని అడిగేది.

మనుషులు ఎక్కడ బోల్తా పడతారో కూడా చూశారు. "ప్రొఫెసర్లకు ఆరు రెట్లు విద్యార్థులున్నారు, సమీకరణం రాయండి" అని అమెరికాలో 150 మంది మొదటి ఏడాది ఇంజనీరింగ్ విద్యార్థుల్ని అడిగితే 37 శాతం తప్పు రాశారు. జాన్ క్లెమెంట్, మరో ఇద్దరు 1981లో ఈ సంగతి ప్రచురించారు. ఎక్కువమంది చేసింది తిరగేసి రాయడమే.

నాకు ఆసక్తి కలిగించింది ఇక్కడే. ఇంగ్లీషులో "త్రీ టైమ్స్ యాజ్ మెనీ గోట్స్ యాజ్ హెన్స్" అంటారు. వరసగా రాసుకుపోతే 3మ = క వస్తుంది. తప్పు! తెలుగులో "కోళ్ళకు మూడు రెట్లు మేకలు" అంటాం. వరసగా రాయండి: క × 3 = మ. ఒప్పు! ఇంకోటి: "ఫైవ్ లెస్ దాన్ వై" అని చదివి 5 - వై అని రాసే పిల్లలు కొల్లలు. "వై కంటే 5 తక్కువ" అన్నప్పుడు వై ముందే వచ్చేసింది, తీసివేత తర్వాత వస్తుంది.

బడిలో అంతా ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు అయిన మన పిల్లలకు ఇది ఊరికే దొరికిన సాయం. ఇంగ్లీషు దెబ్బతింటుందని తెలుగు మాన్పించే తల్లిదండ్రులు ఈ ఒక్క లెక్క రెండు భాషల్లోనూ చదివించి చూడండి. తెలుగులో లెక్క చెప్పడం కొత్తేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాల్లో పెట్టాడు. మహావీరుడి మూల గ్రంథంలో పావురాలు, సారస పక్షులు, హంసలు, నెమళ్ళు కలిపి 100 పణాలకు 100 పక్షుల్ని కొనే లెక్క ఒకటుంది. బీజగణితానికి అరబ్బీ పేరు పెట్టిన అల్ ఖ్వారిజ్మీ బాగ్దాదులో పనిచేసినవాడు. మాకిక్కడికి ఐదారు వందల కిలోమీటర్లు. ఆయన కూడా గుర్తులేవీ లేకుండా లెక్కంతా మాటల్లోనే రాశాడు.

అలాగని తెలుగులో గోతులు లేవని కాదు. "మూడు రెట్లు ఎక్కువ" అంటే మూడింతలా, నాలుగింతలా? పదిమందిని అడిగితే రెండు జవాబులూ వస్తాయి. పైగా వాక్యంలో మాటల వరసే అసలు జబ్బు కాదు. 'క' అంటే కోడి అనుకోవడం జబ్బు. మన భాషలో చెప్పాలంటే కోడి ఆబ్జెక్టు, 'క' ఇంటిజరు. ఆ రెండూ కలిపేసిన పిల్లవాడు ఏ భాషలో చదివినా 3మ = క అనే రాస్తాడు. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు "క = కోళ్ళు" అని రాస్తే కొట్టేసి, "క = కోళ్ళ సంఖ్య" అని రాయించండి. తర్వాత క = 2 పెట్టి మేకలెన్నో అడగండి. ఆరు అన్నాడంటే, సమీకరణం తిరగబడినా తనే దిద్దుకుంటాడు.