దున్నేది ఒకరు, మెసేజ్ వచ్చేది ఇంకొకరికి: రైతుబంధు లెక్క ఇది

ఇవాళ బోరబండలో మా గల్లీ నుంచే స్టార్ట్ చేద్దాం. పక్కింటి అంకుల్‌ది పాలమూరు. ఊళ్లో మూడెకరాలుంది. ఆయన సిటీకొచ్చి ఇరవై ఏళ్లయింది, భూమి కౌలుకిచ్చారు. అయినా సీజన్ రాగానే ఆయన ఫోన్‌కే మెసేజ్: రైతుబంధు పైసలు పడ్డాయని. ఆయన తప్పేం లేదు, రూల్ ప్రకారమే వచ్చాయి. మరి ఆ రూలేంటి?

రైతుబంధు 2018 మేలో మొదలైంది. ఎకరానికి సీజన్‌కి 4 వేలు, 2019 నుంచి 5 వేలు. వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి. మొదట చెక్కులు పంచారు, తర్వాత నేరుగా అకౌంట్లో వేశారు. పాలమూరు లాంటి కరువు నేలలో ఇది చిన్న విషయం కాదు. అక్కడ చాలా చేలకు వానే దిక్కు, లేదంటే బోరు. విత్తనాలు కొనే టైమ్‌కి చేతిలో పైసలుంటే వడ్డీకి తెచ్చే పని తప్పుతుంది. ఐడియా మంచిదే అంటాను నేను.

కానీ నేను పాత సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, దీన్ని డేటాబేస్‌లా చూస్తా. సిస్టమ్‌కి కావాల్సింది పట్టాదారు పాస్‌బుక్, ఎన్ని ఎకరాలు ఎన్ని గుంటలు, బ్యాంక్ అకౌంట్. అంతే. దున్నేదెవరు అన్న ప్రశ్నే లేదు. పాత పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు కాలమ్ కూడా ఉండేది. 2020లో వచ్చిన ధరణిలో అది లేదు. కాలమే లేకపోతే కోడ్ ఎంత బాగా రాసినా ఆ మనిషి కనపడడు. ఇది బగ్ కాదు, డిజైనే అది. ఎకరాలకు లిమిట్ కూడా పెట్టలేదు. 5 వేల లెక్కన 3 ఎకరాలకు ఏడాదికి 30 వేలు, 50 ఎకరాలకు 5 లక్షలు. మీరే చూడండి.

కౌలు రైతు పేరు రాస్తే ఏమవుతుంది? ఓనర్ల భయానికి పాత కథ ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదారులకు హక్కులొచ్చాయి, తర్వాత చాలామందికి భూమే దక్కింది. అందుకే ఇప్పటికీ కాగితం మీద కౌలు అంటే ఓనర్లు వెనక్కి తగ్గుతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో చట్టం చేసి కౌలు రైతులకు రుణ అర్హత కార్డులన్నారు. ఆ కార్డుతో భూమి మీద హక్కు రాదు, బ్యాంకు లోన్‌కి పనికొస్తుంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ఇంకో కార్డు తెచ్చింది, కానీ దానికి ఓనర్ ఒప్పుకోవాలి. మళ్లీ అక్కడికే వచ్చాం.

2023 ఎన్నికల్లో కాంగ్రెస్ కౌలు రైతులకు కూడా ఏడాదికి ఎకరానికి 15 వేలు ఇస్తామంది. 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసాలో ఏడాదికి 12 వేలు. రోడ్లు, ప్లాట్లయిన భూముల్ని తీసేశారు. అది కరెక్టే. కానీ పైసలు మళ్లీ పాస్‌బుక్ మీదే.

నాకు అన్నిటికంటే కష్టమనిపించేది రైతు బీమా. 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా ఇంటివాళ్లకు 5 లక్షలు, ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. దానికీ పాస్‌బుక్కే కావాలి. అంకుల్ వాళ్ల మూడెకరాల్లో అప్పు తెచ్చి పత్తి వేసేటాయనకి రేపు ఏమైనా అయితే, ఆ ఇంటికి ఈ స్కీమ్‌లో రూపాయి రాదు.

మీ ఊళ్లో మీ భూమి ఎవరు చేస్తున్నారో, వాళ్లకు ఏం వస్తోందో ఇంట్లో అడిగి కామెంట్‌లో చెప్పండి. నేనైతే అంకుల్‌ని అడిగా. ఈసారి కౌలు కొంత తగ్గిస్తానన్నారు, ఎంతో మాత్రం చెప్పలేదు.