పాత గోడలు – కొత్త తీగలు

ఇస్త్రీపెట్టె స్విచ్చి వేయగానే ఇంట్లో బల్బు కాస్త మసకబారడం మీరెప్పుడైనా గమనించారా? పెద్దలు "ఓల్టేజీ పడిపోయింది" అని ఊరుకుంటారు. ఒక్కొక్కప్పుడు అది నిజమే. కాని చాలా పాత ఇళ్ళలో లోపం వీధి స్తంభంలో ఉండదు, గోడమీది తీగల్లోనే ఉంటుంది.

వరంగల్ మట్టెవాడలో మా మేనమామగారిది అలాంటి ఇల్లే. డంగుసున్నం గోడలు, గూన పెంకుల కప్పు. గోడలమీద టేకు చెక్కపట్టీలు, వాటికి రేకు క్లిప్పులతో బిగించిన తీగలు. ఆ తీగలు వేసిన రోజుల్లో ఇంట్లో ఉన్నవి నాలుగైదు దీపాలు, రెండు ఫ్యాన్లు, ఒక రేడియో. అన్నీ కలిపి 460 వాట్లనుకుందాం. ఇళ్ళకు వచ్చే కరెంటు 230 ఓల్టులు కదా. వాట్లను ఓల్టులతో భాగిస్తే 2 ఆంపియర్లు. ఆ పాటి ప్రవాహానికి 3/22 తీగ, అంటే 22వ నంబరు రాగిపోగులు మూడు పేనిన తీగ, ఎంతో చాలు.

తరువాత గీజరు వచ్చింది, 2000 వాట్లు. ఇస్త్రీపెట్టె 1000, రైస్ కుక్కరు 700. మూడూ ఒకేసారి నడిస్తే? 3700ను 230తో భాగించి చూడండి. సుమారు 16 ఆంపియర్లు! పూర్వంకంటే ఎనిమిది రెట్లు.

అయితే తీగ ఎనిమిది రెట్లు వేడెక్కుతుందా? కాదు. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ జౌల్ 1840 ప్రాంతంలో ప్రయోగాలు చేసి తేల్చాడు. ఎనిమిది ఎనిమిదులు అరవైనాలుగు. మెయిన్ బోర్డు నుంచి వంటింటికి పది మీటర్ల దూరమైతే, పోనూ రానూ ఇరవై మీటర్ల తీగ. దాని నిరోధం దాదాపు 0.29 ఓములు. 2 ఆంపియర్లప్పుడు అందులో పుట్టేది ఒక వాటు చిల్లర. 16 ఆంపియర్లప్పుడు 74 వాట్లు! ఈ వేడంతా ఏళ్ళ తరబడి ఎండి బీటలువారిన రబ్బరు తొడుగు లోపల, చెక్కపట్టీ మీద పుడుతోందన్నమాట. వదులైన అతుకుల దగ్గరైతే ఇంకా ప్రమాదం, అక్కడ వేడి ఒకేచోట పోగుపడుతుంది.

మరి ఫ్యూజు ఏం చేస్తున్నట్టు? మామయ్య పింగాణీ ఫ్యూజు పీకి చూపించాడు. నా గుండె గుభేలుమంది. మాటిమాటికీ పోతోందని ఎవరో అందులో మామూలు రాగిపోగులు నాలుగు మెలిపెట్టి కట్టారు! ఫ్యూజు అంటే కావాలని బలహీనంగా ఉంచిన తీగముక్క. అది కాపాడేది గీజరును కాదు, గోడమీది తీగను. ఫ్యూజును బలంగా కడితే ఇక కాలవలసింది గోడమీది తీగే.

"ఏరా, కొత్త బోర్డు ఒక్కటి పెట్టిస్తే సరిపోదా?" అన్నాడు మామయ్య. సరిపోదు. ఇప్పటి బోర్డుల్లో ఫ్యూజుకు బదులు ఎం.సి.బి. ఉంటుంది. అందులో రెండు లోహాలు అతికిన పట్టీ వేడికి వంగి మీట పడేస్తుంది. రెండు తీగలు ఒకదానికొకటి తగిలి ప్రవాహం ఒక్కసారిగా ఎగిస్తే, పక్కనున్న విద్యుదయస్కాంతం అదే పని క్షణంలో చేస్తుంది. పాత తీగకు తగిన ఎం.సి.బి. పెడితే గీజరు వేసినప్పుడల్లా పడిపోతుంది. పడకుండా పెద్దది పెడితే నాలుగు పోగుల ఫ్యూజు కథే మళ్ళీ మొదలు.

కనుక తీగలే మార్చారు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి దీపాలకు 1.5, మామూలు ప్లగ్గులకు 2.5, గీజరుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలు పైపుల్లో వేశాడు. గీజరుకు విడిగా దారి, విడిగా ఎం.సి.బి.

ఇక మూడో తీగ. పాత ప్లగ్గులన్నింటికీ రెండే రంధ్రాలు, ఎర్తింగు లేదు. ఫ్రిజ్ లోపల తీగ ఊడి రేకుకు తగిలితే రేకంతా 230 ఓల్టుల మీద ఉంటుంది. ఏ ఫ్యూజూ పోదు. ఎవరో తాకేదాకా ఆ సంగతి తెలియదు. ఎర్తు తీగ ఆ ప్రవాహానికి భూమిలోకి దారి చూపుతుంది.

అయితే ఓరుగల్లు పేరులోనే రాయి ఉంది! రాతినేలలో, పైగా ఎండాకాలం నేల ఎండిపోయినప్పుడు, ఎర్తు నిరోధం పెరుగుతుంది. అందుకే ఎర్తు గొట్టం చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి నీళ్ళు పోస్తారు. అయినా ఆ నిరోధం 20 ఓములు ఉందనుకోండి, ప్రవాహం 11.5 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎం.సి.బి. కదలదు.

దానికోసమే ఆర్.సి.సి.బి. ఫేజులో వెళ్ళిన ప్రవాహమంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని అది లెక్క చూస్తుంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చినా సెకనులో మూడోవంతు లోపే కరెంటు ఆపేస్తుంది. దానిమీద 'టి' అనే మీట ఉంటుంది. నొక్కితే కరెంటు పోవాలి, పోకపోతే అది చెడిపోయిందన్నమాట.

పని పూర్తయిన వారానికి జోరున వాన. రాత్రి ఆర్.సి.సి.బి. పడిపోయింది, ఎత్తితే మళ్ళీ పడింది. "కొత్త సరుకు ఇంతేరా!" అని మామయ్య విసుక్కున్నాడు. మరునాడు ఎలక్ట్రీషియన్ వచ్చి ఒక్కొక్క దారే విడదీసి చూశాడు. పెరట్లో స్నానాలగది పక్కన దీపపు హోల్డర్‌లోకి నీరు దిగింది. ఆ హోల్డరును బిగించింది ఇనుప స్తంభానికి. అత్తయ్య రోజూ తడిబట్టలు ఆరేసే దండెం ఒక కొస దానికే కట్టి ఉంది.