గుర్రం దాణా, గుర్రాలవాడి కూలి

'గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు' అన్నారు పెద్దలు. అన్న మహానుభావుడెవరో గాని, గుర్రాన్ని చూశాడే తప్ప, దాని వెనక లద్దె ఎత్తే మనిషిని చూసినట్టు లేదు.

అరకు, పాడేరు కొండల్లో రోడ్డు మొహం ఎరగని పల్లెలు ఇంకా ఉన్నాయి. అక్కడ కాఫీ, మిరియాలు, పసుపు సంతకు దిగాలన్నా, ఉప్పూ బియ్యమూ కొండ ఎక్కాలన్నా చాలాచోట్ల గుర్రమే దిక్కు. నాలుగైదు గుర్రాలున్న ఆసామి ఒకడు వాటిని చూసుకోవడానికి ఒక కుర్రవాణ్ణి పెట్టుకున్నాడనుకుందాం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పని. రోజు కూలి నాలుగువందలైతే ఇతనికెంత ఇవ్వాలి?

"సగం పని, సగం కూలి. రెండువందలు!" అంటాడు ఆసామి.

లెక్క తప్పులేదు. కాని గుర్రం ఆ లెక్క ఒప్పుకోదు. దాని ఒంటికి తగ్గ పెద్ద పొట్ట కాదు దానిది. మేత కొంచెం కొంచెంగా పలుమార్లు పడాలి. డెక్కల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. బరువు ఒరుసుకుని వీపు పుండయిందేమో చూడాలి. అందుకే పని పొద్దున కొంతా, సాయంత్రం కొంతా. మధ్యనున్న గంటలు కుర్రవాడివే గదా అంటారా? కాఫీ పళ్లు కోసే కూలీలు పొద్దున్నే తోటకు పోతారు. ఎండెక్కాక వచ్చి, పొద్దువాలక ముందే పోతానంటే ఎవరు రానిస్తారు? ఆసామి కొన్నది నాలుగు గంటలే. కుర్రవాడు అమ్ముకున్నది రోజంతా!

మన చట్టం ఈ చిక్కును ఎప్పుడో గమనించింది. రోజు లెక్కన కనీస కూలి నిర్ణయమైన పనివాడికి, తన అయిష్టం వల్ల కాక, పని గంటలు తక్కువైతే ఆ రోజుకు పూర్తి కూలి ఇవ్వాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం చెప్పింది. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల స్మృతిలోనూ ఆ నియమం ఉంది. కనీస కూలికి తక్కువిచ్చి చేయించుకునే పని రాజ్యాంగం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఈ కొండలకు కూలి తగువు కొత్త కాదు. గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ కొండవాళ్లచేత రోడ్లు వేయించి, కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీదికి అల్లూరి సీతారామరాజు నడిచినప్పుడు, ఆయన వెంట ఆ కడుపుమంట కూడా నడిచింది. 2022లో ఈ కొండలు ఆయన పేర జిల్లా అయినాయి.

ఇంతకీ న్యాయమైన కూలి ఎంత? గడియారాన్ని ఒక్కదాన్నే అడిగితే తేలదు. ఈ పని వల్ల అతడు వదులుకున్న పని ఏది? గుర్రం తన్నితే వైద్యం ఖర్చు ఎవరిది? సంత లేని నాడు కూలి ఉన్నట్టా, లేనట్టా? ఈ మూడూ అడిగి, ముందే ఒప్పుకుని, ఆ తరవాత అంకె వేయాలి.

కొండమీది సంగతి మనకెందుకనుకోకండి. పొద్దున అంట్లకూ, సాయంత్రం మళ్లీ అంట్లకూ వచ్చే మనింటి పనిమనిషిది కూడా ఇదే లెక్క. సంత లేని నాడు గుర్రం దాణా ఎవరూ కోయరు. మనం ఊరెళ్లిన నాలుగు రోజులకు ఆమె జీతం మాత్రం కోస్తున్నాం.