కురిస్తే కష్టం... కురవకపోతే నష్టం!

తెల్లటి కొండలు, దూదిపింజల్లా రాలే మంచు, దాన్ని ఉండలు చేసి ఒకరిమీద ఒకరు విసురుకునే కొత్తజంటలు... కశ్మీర్ శీతాకాలం అనగానే మన కళ్లముందు కదిలే దృశ్యం ఇదే. మరి అక్కడే పుట్టి పెరిగినవాళ్లకో? కొళాయి గడ్డకడుతుంది. కరెంటు పోతుంది. రోడ్డు మూసుకుపోతుంది. అయినా సరే, డిసెంబరు వచ్చిందంటే వాళ్ల చూపులు ఆకాశంవైపే. తిట్టుకుంటూనే ఎదురుచూసే అతిథి ఆ మంచు!

పెద్దచలి... చిన్నచలి... పిల్లచలి

మన రైతులకు కార్తెలున్నట్లే కశ్మీరీలకు చలికాలానికో లెక్క ఉంది. డిసెంబరు 21న మొదలై నలభైరోజులు సాగేది ‘చిల్లై కలాన్’. ఎముకలు కొరికే చలంతా అప్పుడే. ఆ తర్వాత 20 రోజుల ‘చిల్లై ఖుర్ద్’, చివరగా పదిరోజుల ‘చిల్లై బచ్చా’. అంటే పెద్దచలి, చిన్నచలి, పిల్లచలి అన్నమాట.

దానికి తగ్గట్టే ముందస్తు ఏర్పాట్లూ ఉంటాయి. వేసవిలోనే వంకాయ, సొరకాయ, టొమాటోలను కోసి ఎండబెట్టి ‘హోఖ్ స్యున్’ పేరుతో దాచుకుంటారు. అచ్చం మన వరుగుల్లాగే! ఒంటిమీద ‘ఫిరన్’ అనే వదులైన పొడవాటి అంగీ, దాని లోపల ‘కాంగ్డీ’. అల్లిన బుట్టలో మట్టిపిడత, అందులో నిప్పులు... కుంపటిని చంకలో పెట్టుకుని తిరగడమే. తెల్లవారుజామున వేడివేడి హరీసా తినడానికి దుకాణాల ముందు జనం చేరతారు. రాత్రంతా మాంసాన్ని ఉడికించి, మెత్తగా మెదిపి చేసే వంటకమది.

తొలిమంచు పడితే ఓ సరదా పందెం కూడా ఉంది. గుప్పెడు మంచును పొట్లం కట్టి, ఏమీ ఎరగనట్లు బంధువులకో స్నేహితులకో అందిస్తారు. తెలియక పుచ్చుకున్నవాళ్లు విందు ఇచ్చుకోవాల్సిందే!

ముచ్చట తీరాక...

సరదా ఒక్కపూటే. తెల్లారితే పార పట్టుకుని వాకిట్లో దారి చేసుకోవాలి. పైపుల్లో నీళ్లు గడ్డకడితే కాగితాలో పుల్లలో మండించి కరిగించాలి. ఏటవాలు రేకుల కప్పులమీద పేరుకున్న మంచు ఒక్కసారిగా జారితే కిందున్నవాళ్లకు ప్రమాదం. నదుల్లో నీరు తగ్గిపోయి జలవిద్యుత్తు పడిపోయేది సరిగ్గా అప్పుడే. హీటర్లు ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే కరెంటు కోతలు! రోజుకూలీకి పని ఉండదు. మారుమూల ఊళ్లో నిండు గర్భిణి ఉంటే ఇంటిల్లిపాదికీ నిద్రపట్టదు.

అన్నిటికీ మించిన సమస్య దారి. శ్రీనగర్-జమ్మూ రహదారి దాదాపు 270 కిలోమీటర్లు. మంచు కురిసినా, కొండచరియలు విరిగినా వందల లారీలు ఎక్కడివక్కడే ఆగిపోతాయి. లోయలో కూరగాయల ధరలకు రెక్కలొస్తాయి. ఒక్కోసారి ఆ మంచే మృత్యువవుతుంది. 2005 ఫిబ్రవరిలో దక్షిణ కశ్మీర్‌లోని వాల్టెంగూ నాడ్ గ్రామంమీద మంచుచరియలు విరుచుకుపడి వందమందికి పైగా బలయ్యారు. ఆ లోయలో మంచును కేవలం అందంగా చూడలేకపోవడానికి ఇలాంటి జ్ఞాపకాలూ ఓ కారణమే.

వేళ తప్పితే తోటకు చేటు

దేశంలో పండే ఆపిళ్లలో సగానికి పైగా కశ్మీర్‌వే. ఆకులు రాల్చిన చెట్టు చలికాలమంతా నిద్రపోతుంది. చాలినంత చలి తగిలితేనే వసంతంలో చక్కగా పూస్తుంది. కాబట్టి జనవరి మంచు తోటకు మిత్రుడే. అదే మంచు నవంబరు మొదట్లో పడితే? చెట్టుకు ఇంకా ఆకులుంటాయి, కొన్ని తోటల్లో కాయలూ ఉంటాయి. తడిమంచు ఆకులమీద పేరుకుని, ఆ బరువుకు కొమ్మలు ఫెళ్లున విరుగుతాయి. 2018, 2019 సంవత్సరాల్లో వరసగా జరిగిందదే. పంట పోతే మరుసటేడు చూసుకోవచ్చు. ఏళ్లతరబడి పెంచిన చెట్టే నిలువునా చీలిపోతే రైతు ఎవరితో చెప్పుకుంటాడు?

కొండమీది బ్యాంకు

పోనీ, ఈ బాధలన్నీ లేకుండా మంచే పడకపోతే? 2024 జనవరిలో ఆ ముచ్చటా తీరింది. చిల్లై కలాన్ చాలావరకు పొడిగానే గడిచింది. స్కీయింగ్‌కు పేరుపడ్డ గుల్‌మార్గ్ వాలుల్లో ఎండిన గడ్డి కనిపించింది. పర్యటకులు నిరాశపడ్డారు, గైడ్లకు పని లేకుండాపోయింది. మంచు కోసం మసీదుల్లో ప్రత్యేక ప్రార్థనలు చేశారు. నెలాఖరులో మంచు కురిశాకగానీ లోయ ఊపిరి పీల్చుకోలేదు. మరుసటి ఏడాది, 2025 ఫిబ్రవరిలో అక్కడే జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలూ మంచు చాలక మార్చికి వాయిదాపడ్డాయి.

ఆటలు వాయిదా వేయొచ్చు, నాట్లు వేయలేం కదా! నడిచలికాలంలో పడిన మంచు వెంటనే కరగదు. పొరలుపొరలుగా గట్టిపడి కొండమీదే నిలుస్తుంది. ఎండలు ముదిరేకొద్దీ కరిగి, ఊటలుగా, వాగులుగా దిగి జీలంలో కలుస్తుంది. వరిపొలానికి, ఆపిల్ తోటకు, తాగడానికి, కరెంటుకు అదే ఆధారం. ఒకరకంగా అది నీటిని దాచుకునే బ్యాంకు. చలికాలం చివర్లో పడే మంచు త్వరగా కరిగిపోతుంది కాబట్టి అది ఎంత పడినా ఆ లోటు తీర్చలేదు. మన రైతు జూన్‌లో మబ్బుల కోసం చూసినట్లే కశ్మీరీ రైతు జనవరిలో మంచు కోసం చూసేది అందుకే.

దారి కష్టాలకైతే మనిషి ఉపాయం వెతుక్కున్నాడు. 2017లో చెనాని-నష్రీ, 2021లో బనిహాల్-ఖాజీగుండ్ సొరంగాలు వచ్చాయి. 2025 జనవరిలో సోనామార్గ్ సొరంగం ప్రారంభమైంది. అదే ఏడాది జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు వందేభారత్ రైలూ మొదలైంది. పడిన మంచును దాటడానికి యంత్రాలున్నాయి. వేళకు పడని మంచును రప్పించే యంత్రమే లేదు!

అందుకే చలికాలంలో కశ్మీర్ వెళ్లినప్పుడు విమానం రద్దై ఓ రోజు హోటల్లో చిక్కుకుపోతే మరీ విసుక్కోకండి. కిటికీ అవతల రాలుతున్నది, శరదృతువులో మన బజారుకొచ్చే ఆపిల్ తాగబోయే నీళ్లు!