మీకు తెలుసా? చీమల బారు నేర్పిన లెక్క

ఏ వంటింట్లోనైనా బెల్లం ముక్క వదిలేసి చూడండి. కాసేపటికే చీమలు బారు కడతాయి. నడిచిన దారిలో అవి వాసన వదులుతాయి. దగ్గరి దారిలో రాకపోకలు ఎక్కువ, వాసనా ఎక్కువ. తక్కినవీ అటే మళ్లుతాయి. ఎన్నో దారుల్లో మేలైనదాన్ని వెతికే ఈ కిటుకునే 1992 నాటికి ఇటలీలో మార్కో డొరిగో కంప్యూటర్‌కు నేర్పాడు. వర్షాల, ధరల అంచనా నమూనాలకు సానపట్టడానికీ ఇలాంటి పద్ధతులు వాడతారు.

మేలైన జవాబు వెతికే ఇలాంటి పద్ధతుల్లో మనవాళ్ల కృషి చిన్నది కాదు. సూరత్ ఎన్‌ఐటీ ప్రొఫెసర్ రావిపూడి వెంకటరావు బృందం 2011లో తరగతి గదినే నమూనాగా తీసుకుంది: ముందు గురువు నుంచి, తర్వాత తోటివారి నుంచి నేర్చుకోవడం. 2016లో ఆయన ఇచ్చిన పద్ధతి ఇంకా సరళం. మేలైన జవాబుకు దగ్గరవ్వాలి, నాసిరకం జవాబుకు దూరం జరగాలి, అంతే! దాని పేరు ‘జయ’.